మెడకు దెబ్బ తగిలాక చెయ్యి తిరిగొచ్చే దారులు

అందరికీ నమస్కారం. ముందు వరుసలో వీల్‌చైర్లలో ఉన్న మిత్రులకు, వాళ్లను ఇంత దూరం తీసుకొచ్చిన ఇంటివాళ్లకు మరీ మరీ నమస్కారం. ఈ సాయంత్రం నేను చెయ్యి గురించే మాట్లాడతాను. నడక గురించి మాట్లాడను. ఎందుకో ముందే చెప్తాను.

2004లో అమెరికాలో కిమ్ ఆండర్సన్ అనే పరిశోధకురాలు వెన్నుపాము దెబ్బతిన్న 681 మందిని అడిగారు: పోయినవాటిలో ఏది తిరిగొస్తే మీ బతుకు అన్నిటికంటే ఎక్కువ బాగుపడుతుంది? అందులో మెడ దగ్గర దెబ్బ తగిలి కాళ్లూ చేతులూ రెండూ పోయినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో దాదాపు సగం మంది మొదటి స్థానం చేతులకే ఇచ్చారు, నడకకు కాదు. మా వార్డులో కూడా అదే వింటాను. "ఎప్పుడు నడుస్తాడు డాక్టర్?" అని అడిగేది చుట్టాలు. మంచం మీదున్న మనిషి అడిగేవి వేరేగా ఉంటాయి. ముఖం మీద వాలిన దోమను నేనే తోలుకోవాలి. రాత్రి దాహమేస్తే ఎవర్నీ లేపకుండా నీళ్లు తాగాలి. ఫోన్ నేనే ఎత్తాలి. ముద్ద నేనే కలుపుకుని తినాలి.

మన దగ్గర మెడ ఎలా విరుగుతుందో మీకందరికీ తెలుసు. తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడు, పిట్టగోడ లేని డాబా మీంచి జారినవాడు, తలమీద బస్తాతో తడి నేల మీద కాలుజారిన హమాలీ, హెల్మెట్ ఉన్నా లేకున్నా బైకు మీంచి ఎగిరిపడ్డ కుర్రాడు, లోతు చూడకుండా కాలవలోకి తలకిందులుగా దూకిన పిల్లవాడు. ఇంకో రకం ఉంది, దాన్ని ఇంట్లోవాళ్లు చాలాసార్లు గుర్తుపట్టరు. అరవై దాటిన పెద్దాయన, మెడ ఎముకలు అరిగి ఉన్నాయి, బాత్రూంలో బోర్లా పడి గడ్డం నేలకు కొట్టుకుంటుంది, మెడ వెనక్కి విరుచుకుంటుంది. ఎముక విరగదు. నాలుగు అడుగులు నడుస్తాడు కూడా. చేతులు మాత్రం లేవవు. దీన్ని సెంట్రల్ కార్డ్ సిండ్రోమ్ అంటారు. "నడుస్తున్నాడు కదా, చేతులవే వస్తాయిలే" అని ఇంటికి తీసుకెళ్లిపోతారు. దయచేసి అలా చెయ్యకండి.

ఇప్పుడు లోపల ఏముందో చూద్దాం. మెడలో ఎముకలు ఏడు, అక్కడినుంచి బయటికొచ్చే నరాల జతలు ఎనిమిది. మీ రిపోర్టులో సి5, సి6 అని రాసేది వీటినే. మోచెయ్యి మడవాలంటే సి5. మణికట్టు పైకెత్తాలంటే సి6. మోచెయ్యి చాపాలంటే సి7. వేళ్లు ముడవాలంటే సి8. చిటికెన వేలిని పక్కకు విప్పాలంటే టి1, అంటే ఛాతీ భాగంలో మొదటిది. ఒక్క అంకె కిందికి దిగితే మనిషి చెయ్యగలిగే పనులు ఎంత మారిపోతాయో సి5 మనిషి పక్కన సి6 మనిషిని కూర్చోబెట్టి చూస్తే తెలుస్తుంది.

మెదడు పై పొరలోంచి బయల్దేరిన నాడీపోగులు, తల కింది భాగానికి వచ్చేసరికి ఎక్కువ శాతం ఒకవైపు నుంచి ఇంకోవైపుకు దాటి, వెన్నుపాములోకి దిగుతాయి. ఒక్కో వైపు సుమారు 10 లక్షల పోగులు. దీని పేరు కార్టికోస్పైనల్ ట్రాక్ట్. నేను 'పెద్ద దారి' అంటాను, మీకు గుర్తుండటానికి. వెన్నుపాములో కండరానికి ఆజ్ఞ ఇచ్చే ఆఖరి కణం ఒకటుంటుంది, దాన్ని మోటార్ న్యూరాన్ అంటారు. పిల్లిలో ఈ పెద్ద దారి ఆ ఆఖరి కణం దాకా నేరుగా రాదు, మధ్యలో వేరే కణాలకు అప్పగించి ఆగిపోతుంది. కోతుల్లో, మనుషుల్లో కొన్ని పోగులు నేరుగా ఆఖరి కణాన్నే తాకుతాయి. సూదిలో దారం ఎక్కించడం, బొత్తాం పెట్టుకోవడం, ఒక్కో వేలిని విడిగా ఆడించడం ఈ నేరు సంబంధం మీద చాలా ఆధారపడతాయి.

మెడకు దెబ్బ తగిలినప్పుడు వెన్నుపాము రెండు ముక్కలైపోయిందనుకుంటారు చాలామంది. అలా జరిగేది తక్కువ. ఎక్కువగా అది నలుగుతుంది. మధ్యలో రక్తం చేరుతుంది, వాస్తుంది, ఆ తర్వాతి గంటల్లో, రోజుల్లో నష్టం ఇంకా వ్యాపిస్తుంది. కానీ అంచుల్లో కొన్ని పోగులు మిగులుతాయి. పరీక్షలో 'కంప్లీట్', అంటే పూర్తిగా పోయింది అని రాసిన వాళ్లలో కూడా కొందరిలో అంచున సన్నటి పోగులు బతికే ఉంటాయి, అవి పని చేయించేంత గట్టిగా లేవంతే. నేను ఇవాళ చెప్పబోయేదంతా ఆ మిగిలిన అంచు గురించే. చెయ్యి తిరిగి రావడమంటే తెగింది అతుక్కోవడం కాదు. మిగిలినవి కొత్త పని నేర్చుకోవడం.

తెగిన పోగు మళ్లీ పెరగదా అని అడుగుతారు. చేతిలో, కాలిలో తెగిన నరం పెరుగుతుంది. వెన్నుపాములో అంతగా పెరగదు. 1981లో కెనడాలోని మాంట్రియల్‌లో డేవిడ్, అగ్వాయో అనే ఇద్దరు ఎలుకల్లో కాలి నరం ముక్కను తీసి వెన్నుపాముకు అతికిస్తే, లోపలి పోగులు ఆ ముక్కలోకి చక్కగా పెరిగాయి. అంటే కణంలో శక్తి లేక కాదు, చుట్టూ ఉన్న వాతావరణం పెరగనివ్వక. ఆ అడ్డును తీసే మందుల మీద దశాబ్దాలుగా పని జరుగుతోంది. ఇంకా మన చేతికి రాలేదు.

కానీ తెగిన పోగు పెరగకపోయినా, దాని పక్కన తెగని పోగు కొమ్మలు వేస్తుంది. ఇది చిన్న విషయం కాదు. 2010లో కాలిఫోర్నియాలో తుషిన్స్కీ బృందం రీసస్ కోతుల్లో సి7 దగ్గర వెన్నుపామును ఒకవైపు సగం కోసి చూసింది. కొన్ని నెలల తర్వాత కోత కింద, ఖాళీ అయిన వైపుకు, మిగిలిన పోగులు నడిమి గీత దాటి కొమ్మలు పంపాయి. దెబ్బకు ముందు అక్కడ ఎన్ని పోగులు ఉండేవో అందులో 60 శాతం దాకా నిండాయి. ఎవరూ మందు ఇవ్వలేదు, ఏమీ అతికించలేదు. దానంతట అదే జరిగింది. చేతి వాడకం కూడా కొంత మెరుగుపడింది.

ఇక్కడ ఒక్కమాట. నేను కోతుల గురించి చాలా చెప్పబోతున్నాను. మనకు తెలిసిన దాంట్లో పెద్ద వాటా ఆ జంతువుల నొప్పి మీంచి వచ్చింది. వాటి చెయ్యి మన చేతికి దగ్గర కాబట్టే ఆ పని వాటి మీద పడింది. ఆ రుణం నాకు ఎప్పుడూ గుర్తుంటుంది, మీరూ గుర్తుంచుకోవాలని కోరుకుంటాను.

1968లో లారెన్స్, కైపర్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కోతుల్లో ఆ పెద్ద దారిని తల దగ్గరే, రెండువైపులా తెంపి చూశారు. ఇక కదలవేమో అనిపిస్తుంది. కానీ అవి కూర్చున్నాయి, నడిచాయి, బోను ఊచలు పట్టుకుని పైకెక్కాయి. పోయింది ఒక్కటే: వేళ్లను విడివిడిగా ఆడించడం. చిన్న గుంటలో ఉన్న తిండి ముక్కను చూపుడు వేలు, బొటనవేలుతో తీయడం మళ్లీ రాలేదు. నన్ను పట్టేసింది ఇంకో పరిశీలన. తిండిని గుప్పిట్లో పట్టుకున్నాక దాన్ని వదలడానికి అవి చాలా కష్టపడ్డాయి. అదే కోతి ఊచల మీద ఎక్కేటప్పుడు మాత్రం సులువుగా పట్టుకుని, సులువుగా వదిలింది. చెయ్యి అదే, కండరాలు అవే. ఎక్కడానికి వదిలే దారి ఒకటి, తినడానికి వదిలే దారి ఇంకొకటి అన్నమాట. అంటే పెద్ద దారి కాకుండా చేతికి ఇంకా దారులున్నాయి.

ఆ దారుల్లో ఒకదాన్ని జపాన్‌లో ఒకజాకి పట్టణంలోని పరిశోధనా సంస్థలో తదాషి ఇసా బృందం ఏళ్ల తరబడి వెతికింది. మెడలో సి3, సి4 దగ్గర కొన్ని నాడీకణాలుంటాయి. వాటిని ప్రొప్రియోస్పైనల్ కణాలంటారు. మెదడు చెప్పింది విని, కింద చేతిని నడిపే ఆఖరి కణాలకు చేరవేయడం వాటి పని. పిల్లిలో చెయ్యి చాపడానికి ఇవి ముఖ్యమని స్వీడన్‌లో ముందే చూపించారు. కోతుల్లో, మనుషుల్లో నేరు దారి వచ్చాక ఇవి ఇక అక్కర్లేనివని చాలామంది వాదించారు.

ఇసా బృందం ఏం చేసిందంటే, పెద్ద దారిని సి4, సి5 మధ్య, అంటే ఆ కణాల కింద కోసింది. నేరు దారి పోయింది. కానీ పై కణాలకు మెదడు మాట అందుతూనే ఉంది, వాటి పోగులు వేరే పక్కనుంచి కిందికి దిగుతున్నాయి. మొదటి రోజుల్లో కోతి తిండి ముక్కను వేళ్ల కొనలతో తీయలేకపోయింది. వారాలు గడిచేకొద్దీ, ఒకటి నుంచి మూడు నెలల్లో, చిటికె పట్టు తిరిగొచ్చింది. అదే కోతను ఇంకా పైన, సి2 దగ్గర పెట్టినప్పుడు, అంటే ఆ కణాలకు కూడా మాట అందకుండా చేసినప్పుడు, పట్టు అంత బాగా రాలేదు. తర్వాత 2012లో వైరస్‌లను వాహకాలుగా వాడి ఆ ఒక్క రకం కణాల నోరు మాత్రమే కొద్ది రోజులు మూయించారు. దెబ్బ ఏమీ లేని కోతిలో కూడా చెయ్యి చాపడం, పట్టుకోవడం తడబడ్డాయి. మందు ప్రభావం పోగానే మళ్లీ మామూలైంది. అక్కర్లేదనుకున్నవి అప్పటిదాకా పనిచేస్తూనే ఉన్నాయని తేలిపోయింది.

పైన మెదడులో ఏం జరుగుతోందో కూడా ఆ బృందమే చూసింది. 2007లో నిషిమురా ప్రచురించిన పని అది. మామూలుగా కుడిచేతికి ఎడమ మెదడు చాలు. దెబ్బ తగిలిన మొదటి నెలలో రెండువైపులా మెదడు వెలిగింది. ఆ చేతికి సంబంధం లేని వైపును మందుతో కాసేపు నిద్రపుచ్చితే, కోలుకుంటున్న పట్టు చెడింది. మూడు నెలలకు అదే పరీక్ష చేస్తే ఏమీ కాలేదు. అప్పటికి భారం అసలు వైపు మెదడు మీద, దాని ముందున్న ప్రీమోటార్ ప్రాంతం మీద పడింది. అంటే కోలుకోవడం ఒకే పని కాదు. మొదటి నెలలో సాయపడే భాగం వేరు, మూడో నెలలో సాయపడే భాగం వేరు. నాకు ఇందులోంచి అర్థమైంది ఏమిటంటే, ఆరో వారంలో చెయ్యి ఇలా ఉంది కాబట్టి ఇక ఇంతే అని తేల్చిచెప్పే హక్కు ఎవరికీ లేదు, డాక్టర్‌కి కూడా.

ఇప్పుడు మీలో చాలామంది నన్ను అడిగిన ప్రశ్నకు వస్తాను. "పట్టుకోవడం వచ్చింది, వదలడం రాలేదు, ఎందుకు?" మెదడు కాండంలోంచి దిగే ఇంకో పాతకాలపు దారి ఉంది, రెటిక్యులోస్పైనల్ ట్రాక్ట్. నిలబడటానికి, ఒళ్లు నిలుపుకోవడానికి అది ముఖ్యం. అది చేతి కణాలను కూడా తాకుతుందని ఇంగ్లండ్‌లో న్యూకాసిల్‌కు చెందిన స్టువర్ట్ బేకర్ బృందం చూపించింది. పెద్ద దారి దెబ్బతిని ఆరు నెలలైన కోతుల్లో 2012లో వాళ్లు కొలిచి చూస్తే, ఈ పాత దారి సంబంధాలు బలపడ్డాయి. కానీ వేళ్లు ముడిచే కండరాలకు బలపడ్డాయి, ముంజేతి వెనక విప్పే కండరాలకు బలపడలేదు. మన వార్డులో కనిపించేదీ ఇదే. గుప్పిట బిగుస్తుంది, తెరుచుకోదు. ఇది ఆ మనిషి మొండితనం కాదు, ఫిజియో సరిగ్గా చేయించకపోవడమూ కాదు. సాయానికి వచ్చిన దారి స్వభావమే అంత.

అందుకే మా దగ్గర నేను బంతి నొక్కించే వ్యాయామం మీద ఎక్కువ సమయం పెట్టను. స్పాంజి బంతి ఇచ్చి "నొక్కుతూ ఉండు" అంటే బలపడేది ఇప్పటికే బలంగా ఉన్న వైపు. తెరవడం నేర్పాలి. గ్లాసు పట్టుకుని బల్ల మీద పెట్టి వదలమంటాను. శనగలు తీసి గిన్నెలో వేయమంటాను, తీయడం కంటే వేయడం దగ్గర ఎక్కువసేపు ఆగుతాం.

ముద్ద తినడం ఒక్కసారి నెమ్మదిగా చూడండి. అన్నం మీద పప్పు వేసి కలపాలి, అప్పుడు నాలుగు వేళ్లూ కొద్దిగా వంగి, విడివిడిగా కదులుతాయి. ముద్ద చేసేటప్పుడు వేళ్ల కొనలు ఒక్కచోటికి చేరతాయి, బొటనవేలు ఎదురుగా వస్తుంది. ఎత్తేటప్పుడు ముంజెయ్యి తిరుగుతుంది, అరచెయ్యి ముఖం వైపుకు వస్తుంది. నోటి దగ్గరికి వచ్చాక బొటనవేలు గోటి వైపుతో ముద్దను ముందుకు తోస్తుంది, మిగతా వేళ్లు తెరుచుకుంటాయి. చూశారా, ఆఖరి క్షణంలో జరిగేది వదలడమే. చెంచాతో తినేవాళ్ల కోసం రాసిన పుస్తకాల్లో ఈ కదలిక ఉండదు. చెంచాను చేతికి పట్టీతో కట్టేసి తినిపించడం వాళ్లకు సరిపోతుంది. మన మనిషికి అదీ అవసరమే, కానీ అది మొదటి మెట్టే.

ఇక అభ్యాసం ఎప్పుడు మొదలుపెట్టాలి? ఒకజాకిలోనే 2013లో పోల్చి చూశారు. కోత జరిగిన మర్నాడే వేళ్ల పని మొదలుపెట్టిన కోతులు, నెల తర్వాత మొదలుపెట్టిన వాటికంటే మెరుగ్గా కోలుకున్నాయి. మనుషుల్లో మర్నాడే అంటే కుదరదు. ఆపరేషన్, వెంటిలేటర్, బీపీ పడిపోవడం, ఇవన్నీ ఉంటాయి. కానీ మెడ స్థిరపడిందని సర్జన్ చెప్పిన రోజునుంచి చేతికి పని ఇవ్వాలి. "ముందు ఇంటికెళ్లి కోలుకుని, తర్వాత ఫిజియోకి వద్దాం" అనుకున్న ఆ మూడు నెలలే సహజంగా ఎక్కువ తిరిగొచ్చే కాలం. తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా కూడా వస్తుంది, వేగం తగ్గుతుంది.

పని అంటే ఎంత పని? అమెరికాలోని మయామీలో 2005లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో రోజుకు రెండు గంటలు, వారానికి ఐదు రోజులు, మూడు వారాలు చేతి పనే చేయించారు. కొందరికి ఆ సమయంలో మణికట్టు దగ్గర నరానికి సన్నటి కరెంటు కూడా ఇచ్చారు. రెండూ కలిపి చేసినవాళ్లకు పట్టు బలం, చేతి పని ఎక్కువ మెరుగుపడ్డాయి. చెయ్యి నుంచి పైకి వెళ్లే స్పర్శ కూడా వైద్యంలో భాగమని దీని అర్థం. మన ఆస్పత్రుల్లో ఒక మనిషికి దొరికే ఫిజియో సమయం ఎంతో మీకు తెలుసు. కాబట్టి ఆ రెండు గంటలు ఇంట్లోనే రావాలి, మన వంటింట్లో, మన మంచం మీద.

మనసు సంగతి కూడా చెప్పాలి. 2015లో ఇసా బృందంలోని సవాడా ఒక ప్రయోగం చేశారు. మెదడు లోపల కోరికకు, ఉత్సాహానికి సంబంధించిన న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే భాగం ఉంది. కోలుకుంటున్న తొలి దశలో దాన్ని నిద్రపుచ్చితే, తిరిగొస్తున్న వేళ్ల పట్టు చెడింది, వేళ్లను నడిపే మెదడు పొరలో చురుకుదనం కూడా తగ్గింది. దెబ్బకు ముందు, పూర్తిగా కోలుకున్నాక అదే చేస్తే ఏమీ కాలేదు. ఉత్సాహం అనేది మాటవరసకు చెప్పేది కాదు, చేతికి వెళ్లే మార్గంలో అదొక భాగం. దీన్ని ఇంట్లోవాళ్లు తప్పుగా వాడతారేమోనని నాకు భయం. "నీకే పట్టుదల లేదు, అందుకే రావట్లేదు" అని మంచం మీదున్న వాడిని అనకండి. దెబ్బ తగిలాక చాలామందికి డిప్రెషన్ వస్తుంది, అది జబ్బు, దానికి మందుంది, డాక్టర్ ఉన్నారు. దానికి వైద్యం చేయించడం చేతికి వైద్యం చేయించడమే.

ఇప్పుడు కరెంటు వైద్యం. పేపర్లో చదివి, ఫోన్లో చూసి చాలామంది అడుగుతున్నారు. 2024లో నేచర్ మెడిసిన్ పత్రికలో అప్‌లిఫ్ట్ అనే అధ్యయనం వచ్చింది. అమెరికా, కెనడా, బ్రిటన్, నెదర్లాండ్స్ దేశాల్లో 14 కేంద్రాలు, 60 మంది. మెడ వెనక చర్మం మీదే ప్యాచ్‌లు అంటిస్తారు, ఆపరేషన్ లేదు. మొదటి రెండు నెలలు అభ్యాసం మాత్రమే, తర్వాతి రెండు నెలలు అదే అభ్యాసం, తోడుగా కరెంటు. కరెంటు కలిశాక 72 శాతం మందికి చేతి బలమూ, చేతి పనీ రెండూ మెరుగయ్యాయి. దెబ్బ తగిలి 34 ఏళ్లయిన మనిషిలో కూడా మార్పు కనిపించింది. 2024 డిసెంబర్‌లో అమెరికాలో ఆ పరికరానికి అనుమతి వచ్చింది.

ఆ కరెంటు చేతిని కదిలించదు, ఇది జాగ్రత్తగా వినండి. వెన్నుపాములోకి వచ్చే స్పర్శ నరాలను అది తట్టి, లోపలి కణాలను సిద్ధంగా ఉంచుతుంది. అంచు దాకా నిండిన బిందెలో గ్లాసెడు నీళ్లు పోస్తే పొర్లుతుంది, సగం ఖాళీగా ఉన్న బిందెలో చెంబెడు పోసినా పొర్లదు. మిగిలిన ఆ కొద్ది పోగుల్లోంచి మెదడు పంపేది గ్లాసెడే. కరెంటు చేసేది ముందుగా బిందె నింపి ఉంచడం. ఆ గ్లాసెడు మాత్రం మనిషే పోయాలి. అందుకే కరెంటు పెట్టుకుని టీవీ చూస్తే ఏమీ రాదు. రెండు పరిమితులు కూడా చెప్తాను. ఆ 60 మందీ ఇన్‌కంప్లీట్ దెబ్బ, అంటే దెబ్బ కింద కొంత మిగిలినవాళ్లు. ఉత్తుత్తి కరెంటు పెట్టి పోల్చిన రెండో గుంపు లేదు, అదే మనుషుల ముందు వెనకలు పోల్చారు. నాకు ఆ ఫలితం మీద నమ్మకం ఉంది, కానీ మెడికల్ షాపులో దొరికే నొప్పుల మెషిన్ కొని మెడకు పెట్టుకోవద్దు, అది ఇది కాదు.

సమయం ఎంత ముఖ్యమో చెప్పే పని ఇంకొకటి ఉంది. 2012లో మోనికా పెరెజ్ బృందం మెదడుకు పైనుంచి అయస్కాంతంతో ఒక తట్టు, మణికట్టు దగ్గర నరానికి కరెంటుతో ఒక తట్టు ఇచ్చింది. రెండూ వెన్నుపాములో ఆఖరి కణం దగ్గర కలవాలి. పైనుంచి వచ్చేది, కిందినుంచి వచ్చేదానికంటే ఒకటి రెండు మిల్లీసెకన్లు ముందు చేరేలా లెక్కకట్టి అలా పదే పదే ఇస్తే, ఆ తర్వాత కొంతసేపు చేతి కండరం గట్టిగా పలికింది, పని వేగం పెరిగింది. వరుస తారుమారు చేస్తే పెరగలేదు. మనిషి తానే ప్రయత్నించిన క్షణంలోనే స్పర్శా కదలికా అందాలని నేను ఇంట్లోవాళ్లకు చెప్పేది ఇందుకే. మీరు వాడి చేతిని ఆడిస్తుంటే, వాడు కళ్లు మూసుకుని పడుకుంటే కీళ్లు బిగుసుకోవు, అంతవరకే. "ఇప్పుడు నువ్వు ఎత్తు" అని చెప్పి, వాడు ప్రయత్నిస్తుండగా మీ చెయ్యి సాయం పెట్టండి.

కొందరిలో ఎంత అభ్యాసం చేసినా కొన్ని కండరాలు రావు. దారులన్నీ చేరేది ఆఖరి కణం దగ్గరికే కదా. దెబ్బ సరిగ్గా ఆ కణం మీదే పడితే, అదే చచ్చిపోతే, ఏ దారీ చేరడానికి చోటు లేదు. ఆ కండరం వారాల్లోనే పల్చబడిపోతుంది. కరెంటుతో తట్టి చూస్తే పలకదు. అప్పుడు ఆపరేషన్ ఆలోచించాలి. దెబ్బకు పైన బతికున్న నరంలోంచి ఒక కొమ్మను తీసి, పనిచేయని కండరం నరానికి కలుపుతారు. 2019లో ఆస్ట్రేలియాలో నతాషా వాన్ జిల్ బృందం 16 మందికి ఇలాంటివి 59 చేసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించింది. రెండేళ్లకు చాలామంది చెయ్యి తెరవడం, పట్టుకోవడం చేయగలిగారు, కొన్ని ఫలించలేదు. ఆఖరి కణం పోయిన కండరానికైతే ఇది ఏడాది లోపే చేయాలి, ఆలస్యమైతే కండరం ఇక నరాన్ని తీసుకోదు. ఆ గడువు తెలియక దాటిపోయినవాళ్లను చూస్తుంటే బాధేస్తుంది. స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి దాన్ని, మార్చి కుట్టే పద్ధతి ఇంకా పాతది, దానికి గడువు లేదు. వెల్లూరులో పాల్ బ్రాండ్ 1940ల చివర్లోనే కుష్ఠు వచ్చిన చేతులకు ఆ పని మొదలుపెట్టారు. మన దేశానికి అది కొత్త విద్య కాదు.

ఇప్పుడు అందరూ కుడి మోచెయ్యి కుర్చీ చేతి మీద పెట్టండి. చెయ్యి పూర్తిగా వదిలేయండి, మణికట్టు కిందికి వాలనివ్వండి. వేళ్లు చూడండి, వాటంతటవే కాస్త తెరుచుకున్నాయి. ఇప్పుడు వేళ్లను పట్టించుకోకుండా మణికట్టు మాత్రం పైకెత్తండి. చూశారా? వేళ్లు ముడుచుకున్నాయి, బొటనవేలు వచ్చి చూపుడు వేలి పక్కకు చేరింది. మీరు వేళ్లకు ఏమీ చెప్పలేదు. స్నాయువుల పొడవు చేసిన పని అది. సి6 దగ్గర దెబ్బ తగిలి వేళ్లు అస్సలు రాని మనిషి, మణికట్టు ఎత్తగలిగితే చాలు, దీంతోనే ఫోన్ ఎత్తుతాడు, గ్లాసు పట్టుకుంటాడు, బస్సు టికెట్ తీస్తాడు. దీన్ని టెనోడెసిస్ పట్టు అంటారు.

ఇది పనిచేయాలంటే వేళ్లు ముడిచే స్నాయువులు కొద్దిగా పొట్టిగా, బిగువుగా ఉండాలి. మనవాళ్లు ఏం చేస్తారంటే, ప్రేమతో, రోజూ నూనె రాసి, మణికట్టును వెనక్కి వంచి, వేళ్లన్నిటినీ ఒకేసారి నిటారుగా సాగదీస్తారు. "ముడుచుకుపోతున్నాయి సార్, సాగదీస్తున్నాం" అంటారు. కొన్ని నెలలకు వేళ్లు మెత్తగా, వేలాడుతూ అయిపోతాయి. మణికట్టు ఎత్తినా ముడుచుకోవు. చేతిలో మిగిలిన ఒక్క పట్టూ పోతుంది. వేళ్లు చాపాలనుకుంటే మణికట్టును కిందికి వంచి చాపండి. మణికట్టు పైకెత్తితే వేళ్లను ముడవనివ్వండి. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి జరిగేటప్పుడు అరచెయ్యి పరిచి ఆనుకోనివ్వకండి, గుప్పిట మడిచి ఆనుకోవాలి. ఇదొక్కటి చేసినా ఈ సాయంత్రం మీరు వచ్చినందుకు నాకు తృప్తి.

స్టెమ్ సెల్స్ పేరుతో లక్షలు అడిగే చోట్ల గురించి కూడా చెప్పాలి. ఎకరం అమ్మి కట్టి, ఏమీ రాక, తిరిగి వచ్చిన కుటుంబాలు నాకు తెలుసు. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము దెబ్బకు స్టెమ్ సెల్స్ ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. పరిశోధనలో చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగితే అది పరిశోధన కాదని అక్కడే అర్థం చేసుకోండి. ఆ డబ్బుతో ఏడాదిపాటు ఇంటికి ఫిజియోని పిలిపించుకోవచ్చు.

ప్రశ్నలుంటే అడగండి.

*"మా అన్నయ్య చెట్టు మీంచి పడి ఏడేళ్లయింది మేడమ్. సి6 అన్నారు. ఇప్పుడు చేయించినా ఉపయోగం ఉంటుందా?"*

ఉంటుందమ్మా, కూర్చో. ఏడేళ్లకు దానంతట అది వచ్చే భాగం అయిపోయి ఉంటుంది, అది నిజమే. కానీ వాడని పోగులు ఉంటే వాటిని వాడటం నేర్పవచ్చు, ఇందాక దెబ్బ తగిలి 34 ఏళ్లయిన మనిషి గురించి చెప్పాను కదా. స్నాయువు ఆపరేషన్‌కు గడువు లేదు. ముందు నువ్వు ఇంటికెళ్లి ఒకటి చూడు. అన్నయ్య ముంజెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి, చెయ్యి మాత్రం బల్ల అంచు అవతల వేలాడనివ్వు. మణికట్టు పైకెత్తమను. ఏ సాయం లేకుండా పూర్తిగా పైకి వస్తే, కండరం బలం కొలిచే లెక్కలో అది మూడో గ్రేడు. దాని మీద నీ రెండు వేళ్లు ఆనించి కొద్దిగా నొక్కు. అయినా నిలబెడితే నాలుగు. ఎత్తేటప్పుడు వేళ్లు ముడుచుకుంటున్నాయా, బొటనవేలు ఎక్కడికి వస్తోంది, అది ఫోన్లో వీడియో తీయి. రెండు చేతులదీ తీయి, ఒకటి ఇంకోదానిలా ఉండదు. వేళ్లు ముడుచుకుంటుంటే పట్టు నేర్పడం మొదలుపెడదాం. ముడుచుకోకపోతే, మణికట్టు నాలుగో గ్రేడు ఉంటే, చేతి సర్జన్‌కు చూపిద్దాం. ఈలోపు సాగదీయడం ఆపు.

*"వేళ్లు రాత్రి బిగుసుకుపోతున్నాయి మేడమ్, నొప్పి కూడా. అప్పుడైనా సాగదీయాలా?"*

బిగువు ఒక్కసారిగా పెరిగిందంటే ముందు చెయ్యి వైపు చూడకండి, కిందికి చూడండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా, కేథటర్, అంటే మూత్రం గొట్టం, మడత పడిందా, మలబద్ధకమా, పిరుదు మీద పుండు మొదలవుతోందా, కాలిగోరు లోపలికి పెరిగిందా. మనిషికి ఆ నొప్పి తెలియదు, శరీరం బిగుసుకుని చెప్తుంది. అది తీసేస్తే చాలాసార్లు చెయ్యి వదులవుతుంది. దాంతోపాటు తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు, బీపీ పెరగడం ఉంటే అది అత్యవసరం. ముందు నిటారుగా కూర్చోబెట్టండి, బిగుతుగా ఉన్న బట్టలు వదులు చేయండి, కేథటర్ చూడండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇవేవీ లేకుండా రోజూ రాత్రి బిగుసుకుంటుంటే, వేళ్లు కాస్త మడిచి ఉంచే స్ప్లింట్, అంటే చేతికి కట్టుకునే గట్టి అచ్చు, చేయిస్తాం. నిటారుగా ఉంచే బల్ల స్ప్లింట్ సి6 మనిషికి వద్దు. పాత స్ప్లింట్ ఉంటే వచ్చేటప్పుడు తీసుకురండి, దాన్నే వేడిచేసి వంచి ఇవ్వగలం.